బాబిన్ కాలికి లేచిన గడ్డ

కుందేలు కాలికి గడ్డ లేచిందంటే దానికి కారణం ఎవరై ఉంటారు? పరమేశ్‌ను అడిగితే, తాను తప్ప ఇంకెవరైనా కావచ్చు. మనిషి మంచివాడే. సూరత్‌లో పద్దెనిమిదేళ్లుగా సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు, ఒక్క తాను బట్ట చెడగొట్టిన పాపాన పోలేదు. కానీ ఇంట్లో ఏదైనా తప్పు జరిగితే మాత్రం ముందు నలుగురి మీద వేలు చూపిస్తాడు, తర్వాత చెప్పులేసుకుని బయటికి పోయి చాయ్ తాగి వస్తాడు. ఆ చాయ్ కడుపులో పడేదాకా ఎదురు చెప్పకూడదని అతని భార్య సంతోషి కాపురానికి వచ్చిన కొత్తలోనే నేర్చుకుంది.

గడ్డను మొదట చూసింది కూతురు తిరుమల. సెప్టెంబరు నెల, గురువారం మధ్యాహ్నం. బమ్రోలిలో వాళ్లు అద్దెకుండే గదిలో, ఫోన్‌ను పిండి డబ్బాకు ఆనించి ఆరో తరగతి లెక్కలు వింటోంది. కరోనా వచ్చి బడులు మూసిన దగ్గర్నుంచి ఆ పిల్లకు బడంటే ఆ డబ్బానే. ఒళ్లో కుందేలు బాబిన్ పడుకుని ఉంది. పాఠం ఎంత విసుగ్గా సాగితే బాబిన్ వీపు అంత మెత్తగా తగులుతుంది. లెక్కల రోజైతే ఇక చెప్పక్కర్లేదు. అలా వీపు మీది నుంచి వెనక కాలి మీదికి చెయ్యి పోనిచ్చిన పిల్ల ఉన్నట్టుండి ఆగింది. ఎడమ కాలి మీద, బొచ్చు కింద, రేగుపండంత గడ్డ.

"బాపూ, బాబిన్ కాలుకు ఏదో అయ్యింది. జర ఇటు రా."

ఆ వారం పరమేశ్‌ది రాత్రి పాళీ. అప్పుడే నిద్ర లేచి ఆవులిస్తున్నవాడు వచ్చి, వంగి, గడ్డ మీద వేలు పెట్టాడు. బాబిన్ కాలు విసురుగా లాక్కుంది.

"బండలు రోజూ ఫినాయిలు పోసి కడుగుతున్నవు గద," అన్నాడు సంతోషితో. "గందుకే లేచింది."

ఫినాయిలు తెచ్చిందీ, రోజుకు రెండుసార్లు కడగమన్నదీ ఎవరో సంతోషికి బాగా గుర్తుంది. కానీ ఆయన ఇంకా చాయ్ తాగలేదు. 

బాబిన్ ఆ ఇంటికి వచ్చింది మార్చి మొదట్లో. తిరుమలకు పదకొండేళ్లు నిండిన రోజు, ఉధ్నా స్టేషన్ బయట ఒకాయన బుట్టలో పెట్టుకుని అమ్ముతుంటే పరమేశ్ కొనుక్కొచ్చాడు. అరచేతిలో ఇమిడేది అప్పుడు. తెల్లగా, నిండుగా దారం చుట్టిన బాబిన్‌లా ఉందని ఆ పేరూ అతనే పెట్టాడు. సాలెవాడు కుందేలుకు ఇంకేం పేరు పెడతాడు? మూడు వారాలు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చింది. సాంచెలన్నీ ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ చప్పుడు లేని పగలు చూడని తిరుమల, మొదటి రోజు చెవుల్లో ఏదో అయిందని ఏడ్చింది.

మే నెలలో వాడకట్టు వాడకట్టే కదిలి ఊళ్లకు పోయింది. జగిత్యాల వైపు పోయే బస్సులో పరమేశ్‌కూ మూడు సీట్లు దొరికాయి. అతను పోలేదు. ఊళ్లో మాత్రం ఏమున్నదని అందరితో అన్నాడు. అసలు సంగతేమిటంటే, బస్సువాడు కుందేలును ఎక్కించుకోనన్నాడు, కుందేలును వదిలి రానని తిరుమల అంది. అంత పెద్ద రోగం వచ్చిన ఏడాదిలో ఒక సంసారం కుందేలు కోసం ఆగిపోయిందంటే నవ్వేవాళ్లు నవ్వారు. కార్ఖానా సేఠు ఇచ్చిన బియ్యం, ఎదురింటి చిన్నవ్వ పచ్చళ్లు, చిన్నవ్వ చెప్పిందని ముంజేతులకు కట్టుకున్న పసుపు దారాలు, సాయంత్రాలు నలుగురూ కూర్చుని ఆడిన అష్టాచెమ్మా. తలుచుకుంటే ఆ రోజులు అంత చెడ్డవేమీ కావు. పద్దెనిమిదేళ్లలో పరమేశ్ పట్టపగలు ఇంట్లో మనిషిగా కూర్చున్నది ఆ రెండు నెలలే. జూన్‌లో సాంచెలు మళ్లీ మొదలయ్యాయి, అతను మళ్లీ పాళీల పాలయ్యాడు.

గడ్డ సంగతి తెలిసి చిన్నవ్వ ఆ సాయంత్రమే వచ్చింది. వాళ్ల గదికి ఎదురు గది ఆమెది. మూడడుగుల వరండా అడ్డం. డెబ్బై ఏళ్ల మనిషి, వాళ్ల వైపు ఊరిదే. కొడుకు సోమలింగం పరమేశ్‌తో పాటు ఒకే కార్ఖానాలో పని చేస్తాడు. బాబిన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "దిష్టి తాకింది బిడ్డా," అంది. "ఇంత తెల్లటి జీవిని వాకిట్ల తిప్పుతరా?"

"దిష్టి కాదు ఏం కాదు," అన్నాడు పరమేశ్. "నువ్వు రోజూ దానికి జొన్నరొట్టె ముక్కలు పెడ్తున్నవవ్వా. తినరానిది తింటే ఒంట్ల గడ్డలు లేవవా?"

 చిన్నవ్వ చేతిలో ఉన్న రొట్టె ముక్కను కొంగులో ముడేసుకుని లేచి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఎదుటి గుమ్మానికి పరదా దించి ఉంది.

పరమేశ్ అక్కడితో ఆగాడా? గూడు చేసిచ్చిన సోమలింగాన్ని, తీగ మొనలు సరిగ్గా వంచలేదని సాంచె దగ్గర పట్టుకుని అడిగాడు. రోగిష్టి పిల్లను అంటగట్టాడని ఉధ్నా స్టేషన్ బయటి మనిషిని, అతను వినకపోయినా తిట్టాడు. ఆఖరికి ఒళ్లో ఎక్కువసేపు పెట్టుకుంటున్నావని తిరుమలను కూడా అన్నాడు. తిలా పాపం తలా పిడికెడు పంచాడు, తన వాటాకు గింజ కూడా మిగుల్చుకోలేదు.

ఈలోగా సంతోషి పని చేసింది. తెలుగువాళ్ల వాట్సాప్ గుంపులో అడిగి, శ్రీప్రియ అనే పశువుల డాక్టరమ్మ నంబరు సంపాదించింది. తెనాలి వైపు అమ్మాయి, నిరుడే సూరత్ వచ్చి ఉధ్నా దగ్గర ఒక ఆస్పత్రిలో చేరిందట. శనివారం వీడియోలో చూపించారు. బాబిన్ కాలు పట్టుకోనివ్వదు, ఫోన్ పట్టుకున్న పరమేశ్ చెయ్యి నిలవదు. డాక్టరమ్మకు తెల్లటి బొచ్చు తప్ప ఇంకేమీ కనబడి ఉండదు.

"చీము గడ్డయితే భయం లేదండీ, కోసి కడిగేస్తాం," అంది ఆమె. "ఎముకలోంచి పెరిగిందైతే మాత్రం కాలు తీసేయాల్సి రావొచ్చు. చేత్తో పట్టుకుని చూడందే చెప్పలేను. సోమవారం పొద్దున్నే తీసుకురండి, ఎక్స్‌రే తీద్దాం."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. గోడకు ఆనుకుని కూర్చున్న తిరుమల అంతా వింది. ఏడవలేదు. ఏడిస్తే పరమేశ్‌కు తేలికయ్యేది.

"ఎనక కాలు లేకుంటే బాబిన్ ఎట్ల దుంకుతది బాపూ?"

"కాలు ఎందుకు పోతది? పోదు."

"నీకెట్ల తెలుసు?"

"నేనున్న గద బిడ్డా. పోనియ్య."

అనేశాడు గానీ, అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు. తెగిన పోగును అతుకుతానంటే అతుకుతాడు. ఆగిన సాంచెను నడుపుతానంటే నడుపుతాడు. చేతిలో పని గురించి తప్ప అతను ఎవరికీ ఎప్పుడూ మాట ఇవ్వలేదు. కుందేలు ఎముకలో ఏం పెరుగుతోందో అతని చేతిలో పనా? ఆ పిల్ల మాత్రం తండ్రి మాటను దాచుకోవాల్సిన వస్తువులా తీసుకుని, ఇంకేమీ అడక్కుండా లేచి బాబిన్‌కు కొత్తిమీర కాడలు పెట్టింది. బాబిన్ వాసన చూసి మొహం తిప్పుకుంది. ఆదివారమంతా గూట్లో ఒక మూలన కాలు పక్కకు చాపి పడుకుంది. పరమేశ్ ఆ పూట చాయ్ తాగడానికి కూడా బయటికి పోలేదు.

సోమవారం పాళీ మానేశాడు. ఆటోలో ఇద్దరినే ఎక్కించుకుంటున్నారు కాబట్టి సంతోషి ఇంట్లో ఉండిపోయింది. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలో పాత తువ్వాలు పరిచి బాబిన్‌ను కూర్చోబెట్టారు. ఆస్పత్రి బయట సున్నంతో గుండ్రాలు గీసి ఉన్నాయి, ఒక్కో గుండ్రంలో ఒక్కో మనిషి, మాస్కు పెట్టుకుని. ముందు గుండ్రంలో ఒకాయన మేకతో నిలబడ్డాడు. మేకకు గుండ్రం సంగతి తెలియక మాటిమాటికీ బయటికి పోతోంది, ఆయన మాటిమాటికీ లాగుతున్నాడు. తిరుమలకు నవ్వు రాలేదు.

"చెయ్యి పెట్టు బాపూ. అది భయపడ్తున్నది," అంది.

పరమేశ్ తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. కాసేపు వీపు నిమిరాడు. తర్వాత చెయ్యి దానంతటదే కాలి దగ్గరకు పోయింది. సాంచె మీద పనిచేసేవాళ్ల వేళ్లకు ఒక అలవాటు ఉంటుంది. కళ్లు ఎటు చూస్తున్నా, వేళ్లు బట్ట మీద నడుస్తూ ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ ముడి పడింది వెతుకుతూనే ఉంటాయి. అలా గడ్డ మీది నుంచి పైకి నడిచిన అతని బొటనవేలు, బొచ్చు లోపల ఒకచోట చిన్న గాడిలో దిగింది. కాలి చుట్టూ గీత గీసినట్టున్న గాడి. అందులో నువ్వుగింజంత గట్టిది ఒకటి తగిలింది.

గోటితో మెల్లగా తడిమాడు. ముడి. మామూలు ముడి కాదు, తెగిన పోగును అతికే సాలెముడి. అదీ ఎడమకు వాలి ఉంది.

పరమేశ్‌ది పుర్రచేతి వాటం. అందరి ముడీ కుడికి వాలితే అతనిది ఎడమకు వాలుతుంది. బట్ట మీద అలాంటి ముడి కనబడితే చాలు, అతుకు పరమేశ్‌దని కార్ఖానాలో కళ్లు మూసుకుని చెప్తారు. పద్దెనిమిదేళ్లలో ఒక్కటీ జారని ముడి. దాని గురించి అతను గొప్పలు చెప్పుకోని రోజు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఏప్రిల్ నెల. ఇంట్లో అందరికీ పసుపు దారం కట్టుకోండి, రోగం గడప దాటదు అని చిన్నవ్వ చెప్పిన రోజు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, ఇంట్లో నూలు దారం లేదు. పరమేశ్ దగ్గర సాంచె మీది పోలిస్టర్ దారం ఉంది. దాన్నే పసుపునీళ్లలో ముంచి సంతోషికి కట్టాడు, తిరుమలకు కట్టాడు, తానూ కట్టించుకున్నాడు. అప్పుడు తిరుమల కుందేలు పిల్లను ఎత్తి పట్టుకుంది. "ఇంట్ల అందరికి అన్నది గదా అవ్వ. బాబిన్ మనింట్లది కాదా?" నవ్వుకుంటూ దాని వెనక కాలికీ ఒక చుట్టు చుట్టి ముడేశాడు. వారం తిరిగేసరికి పసుపు కనబడలేదు. కొరికి మింగింది దొంగముండ అని ముచ్చటపడి మరిచిపోయారు. పసుపే పోయింది, దారం పోలేదు. నూలైతే ఎప్పుడో పుచ్చి తెగేది. ఇది పుచ్చదు, చివకదు. తెల్లటి బొచ్చులో తెల్లటి దారం. అరచేతిలో ఇమిడే పిల్ల మూడు సేర్ల కుందేలయింది, ముడి మాత్రం వేసిన చోట వేసినట్టే ఉంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాడు పరమేశ్. 

అయినా పాత అలవాటు ఊరికే పోతుందా? నాలుక మీదికి మొదట వచ్చిన మాట, "చిన్నవ్వే కట్టమన్నది." అబద్ధం కూడా కాదు. రెండోది, ఏమీ అనకుండా ఊరుకోవడం. డాక్టరమ్మే వెతికి తీస్తుంది, ఎవరు కట్టారో కుందేలు చెప్పబోదు. పక్కన తిరుమల రెండు చేతులతో బుట్ట పిడి పట్టుకుని నిలబడి ఉంది. నేనున్న గద అని ఆ పిల్లకు చెప్పి రెండు రోజులు కాలేదు. ఆ మాట నిలబడాలంటే దారం బయటికి వస్తే చాలదని, తానూ బయటపడాలని పరమేశ్‌కు తోచింది. ఎందుకు తోచిందో అతన్నడిగితే చెప్పలేడు.

లోపల బల్ల మీద బాబిన్‌ను పెట్టగానే డాక్టరమ్మ ఎక్స్‌రే చీటీ రాయబోయింది.

"మేడం, జర ఆగండి," అన్నాడు. "అది గడ్డ కాదు. పైన బొచ్చుల దారమున్నది. పోలిస్టర్ దారం. ఏప్రిల్‌ల నేనే కట్టిన."

ఆమె అతని వంక ఒకసారి చూసి, దూది తడిపి బొచ్చు రెండు పాయలుగా తీసింది. దీపం దగ్గరకు లాక్కుని చాలాసేపు చూసింది. "నిజమేనండీ. తోలు కూడా దీని మీదికి పెరుగుతోంది. నేనైతే ముందు గడ్డలోకి సూది దించేదాన్ని. మీకెలా తెలిసింది?"

"ముడి నాది మేడం. చేతికి తగిలితే తెల్వదా?"

 తిరుమల బల్ల అంచు పట్టుకుని చూస్తోంది. మత్తు చుక్కలు వేశారు, సన్నటి కత్తెర మొన గాడిలో దింపారు. చిటుక్కుమన్న చప్పుడు పరమేశ్‌కు ఒక్కడికే వినబడింది. చిన్న పట్టకారుతో లాగితే దారం చిన్న ఉంగరంలా బయటికి వచ్చింది. డాక్టరమ్మ పుండు కడిగి, మందు రాసి, పాదం వేళ్లను చిన్నగా గిల్లింది. బాబిన్ కాలు వెనక్కి లాక్కుంది.

"వేళ్లు వెచ్చగానే ఉన్నాయి. వాపు వారంలో దిగుతుంది, కాలికేం ఢోకా లేదు," అంది. "ఇంకో పది రోజులు ఆగి ఉంటే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని."

తిరుమల అప్పుడు ఏడ్చింది. రెండు రోజులది కలిపి ఏడ్చింది. పరమేశ్ ఆ పిల్ల తల మీద చెయ్యి వేయడానికి జంకాడు. ఆ పిల్లే వచ్చి అతని చొక్కాకు ముక్కు తుడుచుకుంది.

ఇంటికి రాగానే అతను చెప్పులు విడవలేదు. బుట్ట సంతోషి చేతికిచ్చి, జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పి, "ఫినాయిలు కాదు," అని ముగించాడు. సంతోషికి అది పెళ్లయ్యాక విన్న మొదటి క్షమాపణ కింద లెక్క. తర్వాత మూడడుగుల వరండా దాటి ఎదుటి పరదా ముందు నిలబడ్డాడు.

"అవ్వా, తప్పు నాదే. నేను కట్టిన దారం కాలును కోసింది. నీ రొట్టె ఏం చేయలే."

 లోపల్నుంచి, "గీ మాట చెప్పుటానికి గింత దూరం వచ్చినవా కొడుకా, కాళ్లు నొస్తయి, పో కూసో," అని వినబడింది. అయిదు నిమిషాలకు చిన్నవ్వ కొంగులో రొట్టె ముక్కతో వచ్చి కూర్చుంది. "కట్టుమని చెప్పింది నేనే గదరా," అంది. "మనుషులకు చెప్పిన. కుందేలుకు చెప్పలే." బాబిన్ ఆ ముక్కను ముందు వాసన చూసింది, తర్వాత తినేసింది.

సాయంత్రం తిరుమల సాంచె కత్తెర తెచ్చి తండ్రి చేతిలో పెట్టి, కుడి చెయ్యి చాపింది. ముంజేతికి దారం. పసుపెప్పుడో పోయింది, నలుపు తిరిగి ఉంది. సంతోషి తనది అంట్లు తోముతుంటే అడ్డమొస్తోందని మేలోనే తెంచేసింది. సాంచెలో చిక్కుతుందని పరమేశ్ జూన్‌లో కోసేసుకున్నాడు. పిల్లది ఉండిపోయిందని ఎవరూ గమనించలేదు. ఏప్రిల్‌లో కట్టినప్పుడు కింద వేలు దూరేది. ఇప్పుడు గోరు కూడా దూరడం లేదు.

"ఇన్నొద్దులు చెప్పకపోతివేంది బిడ్డా? నొయ్యలేదా?"

"జర నొచ్చింది." పిల్ల బాబిన్ వైపు చూస్తూ చెప్పింది. "నువ్వు రోజూ కార్ఖానాకు పోతవు గదా. నీది నువ్వు తెంపుకున్నవు. నాది కూడా తెంపితే నీకు కరోనా వస్తదేమో అని."

పరమేశ్ పిల్ల చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. కత్తెర మొనను జాగ్రత్తగా దూర్చి కోశాడు. ఎడమకు వాలిన ముడి ఊడి ఒళ్లో పడింది. మణికట్టు చుట్టూ ఎర్రటి చార మిగిలింది. దాన్ని బొటనవేలితో రుద్దుతూ, "సంతోషీ, జర చూడు. పిల్ల ఎంత పెరిగింది," అన్నాడు.

"పెరగదా మరి?" అంది సంతోషి, రొట్టెలు కాలుస్తూ. "రెండు నెలలు కండ్ల ముందే పెట్టుకుని కూసున్నవు. ఇప్పుడు కనబడ్డదా?"

తిరుమల చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "మళ్ల కట్టు బాపూ," అంది. "ఈసారి జర వదులుగ. కావాలంటే నేనే ఊడదీసుకునేటట్టు."

చిన్నవ్వ తన పెట్టెలోంచి నూలు దారం తెచ్చిచ్చింది. పసుపునీళ్లలో ముంచి పరమేశ్ దాన్ని కూతురి ముంజేతికి చుట్టాడు. చుట్టి, అలాగే కూర్చుండిపోయాడు. ఊడివచ్చే ముడి అతను జన్మలో వేయలేదు. వేళ్లు ఎటు తిప్పినా పాత దారే పడుతున్నాయి. ఆఖరికి సంతోషి పెనం దించి, చేతులు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది. జారుముడి ఎలా వేయాలో ఒక్కో మెలికా చూపించింది. అతను మూడుసార్లు తప్పేసి, నాలుగోసారి వేశాడు.

తిరుమల కొస పట్టుకుని లాగి చూసింది. ఊడింది.

"మళ్ల కట్టు," అంది చెయ్యి చాపి.